గచ్చు మీదికి నీరు తిరిగి రాకుండా: వాషింగ్ మెషిన్ పైపు పని డైరీ

మొదటి రోజు

కొత్త వాషింగ్ మెషిన్ రావడానికి ఇంకా రెండు వారాల వ్యవధి ఉంది. పాత మెషిన్‌తో మూడేళ్లుగా పడుతున్న ఇబ్బందికి మూలం మెషిన్‌లో లేదని, అది విడిచిన నీరు వెళ్లే దారిలోనే ఉందని నాకు గట్టి అనుమానం. అందుచేత కొత్తది ఇంట్లోకి రాకముందే ఆ దారిని పరీక్షించి, లోపం కనబడితే సరిచేయాలని నిర్ణయించుకున్నాను.

పాత మెషిన్‌ను బిగించిన వ్యక్తి దాని పారుదల గొట్టాన్ని గచ్చు మీది జాలీలోకి నేరుగా దూర్చి వెళ్లాడు. మొదటి నెలలో ఏ ఇబ్బందీ కనబడలేదు. తరువాత మెల్లగా, ఉతుకు నీరు వదిలిన ప్రతిసారీ జాలీ చుట్టూ నురగ పొంగడం, జాడింపు నీరు వదిలేసరికి తడి గది గుమ్మం దాకా పాకడం మొదలైంది. మరమ్మతుకు వచ్చినవారు పంపు బాగానే ఉందని రెండుసార్లు చెప్పి వెళ్లారు. వారు చెప్పింది నిజమేనని ఈ రోజు కొలతలతో తేలింది.

గొట్టాన్ని జాలీలోంచి తీసి 20 లీటర్ల బకెట్‌లో పెట్టి, మెషిన్‌ను నీరు వదిలే దశలో నడిపి, గడియారం చూశాను. బకెట్ నిండడానికి 70 సెకన్లు పట్టింది, అంటే పంపు నిమిషానికి సుమారు 17 లీటర్ల నీటిని బయటికి తోస్తోంది. ఆ తరువాత అదే బకెట్ నీటిని, జాలీ పైన నీరు నిలవనంత వేగంతో మాత్రమే పోస్తూ మళ్లీ సమయం చూస్తే 2 నిమిషాల 10 సెకన్లు పట్టింది. జాలీ నిమిషానికి 9 లీటర్లకు మించి మింగలేకపోతోందన్నమాట. పంపు తోసేదానికీ జాలీ మింగేదానికీ మధ్య మిగిలిన 8 లీటర్లు ప్రతి నిమిషమూ గచ్చు మీదే నిలవాలి. మెషిన్ నిలిచే చోటు విస్తీర్ణం రెండు చదరపు మీటర్లు కాబట్టి, ఆ 8 లీటర్లు అక్కడ 4 మి.మీ. ఎత్తున పరుచుకుంటాయి. గుమ్మం దాటడానికి అంతకంటే ఎక్కువ అవసరం లేదు.

రెండో రోజు

జాలీ ఎత్తి, దాని కింద బోర్లించి ఉండే గిన్నెను బయటికి తీశాను. గిన్నె లోపలి గోడకు బూడిద రంగు పీచు, సబ్బు జిడ్డు, వెంట్రుకలు కలిసి వేలెడు మందాన పట్టి ఉన్నాయి. బట్టల నుంచి రాలే నూలు పీచు ఒక్కటే అయితే నీటితో కొట్టుకుపోతుంది. సరిగా కరగని డిటర్జెంట్, బట్టల్లోని నూనె మరక దానికి బంకలా తోడైనప్పుడే అది గోడకు అంటుకుని, తరువాత వచ్చే పీచునంతా పట్టి ఉంచుతుంది. అంతా గీకి, వేడినీటితో కడిగి, గిన్నెను తిరిగి పెట్టి పరీక్షిస్తే 20 లీటర్లు 85 సెకన్లలో దిగాయి. నిమిషానికి 14 లీటర్లు. ఇంతగా శుభ్రం చేసినా పంపు వేగాన్ని అది అందుకోలేదు.

కేవలం పరీక్ష కోసం గిన్నెను పూర్తిగా తీసేసి మరోసారి పోశాను. ఈసారి 45 సెకన్లలో బకెట్ ఖాళీ అయింది. అడ్డు కింది పైపులో లేదని, గిన్నె చుట్టూ నీరు తిరిగి వెళ్లే ఇరుకులోనే ఉందని దీంతో స్పష్టమైంది. ఈ ఇరుకును చూసే చాలామంది గిన్నెను శాశ్వతంగా తీసి పక్కన పడేస్తారు. అది చాలా పొరపాటు. గిన్నె అంచు మునిగి ఉండే ఆ కొద్దిపాటి నీరే మురుగు పైపులోని దుర్వాసనను, బొద్దింకలను ఇంట్లోకి రాకుండా ఆపుతుంది. నీటికి అడ్డు తీసేశామని సంతోషించేలోపు వాటికి తలుపు తెరిచినవాళ్లమవుతాము. గిన్నెను మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను. మెషిన్ నీటిని ఇక జాలీకి అప్పగించకూడదు, దానికి వేరే నిలువు పైపు కావాలి.

నాలుగో రోజు

ఈ రోజంతా కాగితం మీదే గడిచింది. నిలువు పైపు ఎక్కడ మొదలవ్వాలి, ఎంత ఎత్తు ఉండాలి, ఎంత వాటంతో వెళ్లి ఎక్కడ కలవాలి అన్నవి గోడ మీద సుద్దతో గీసి చూసుకున్నాను.

ఎత్తు విషయంలో మెషిన్‌తో వచ్చే పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ముందు తలుపు ఉండే మెషిన్లకు సాధారణంగా గచ్చు నుంచి 60 సెం.మీ. మొదలు 100 సెం.మీ. లోపు ఎత్తులో గొట్టం చివర ఉండాలని అందులో ఉంటుంది. అంతకన్నా కిందికి ఉంటే డ్రమ్ములోకి వచ్చిన నీరు పంపు తిరగకుండానే తనంతట తాను బయటికి జారిపోతుంది. మెషిన్ నింపుతూనే ఉంటుంది, నీరు పోతూనే ఉంటుంది, ఉతుకు మాత్రం ముందుకు సాగదు. అంతకన్నా పైన ఉంటే నీటిని అంత ఎత్తుకు తోయడం పంపుకు భారమై, డ్రమ్ములో నీరు మిగిలిపోతుంది. నేను మధ్యస్థంగా 80 సెం.మీ. నిర్ణయించాను. పంపు లేకుండా నీటి బరువుతోనే ఖాళీ అయ్యే రెండు తొట్ల మెషిన్లకు మాత్రం ఈ ఏర్పాటు పనికిరాదు. వాటి గొట్టం గచ్చు మట్టానికే దిగాలి. కాబట్టి కొనబోయే మెషిన్‌లో పంపు ఉన్నదీ లేనిదీ తెలుసుకున్న తరువాతే పైపు పనికి దిగాలి.

పైపు వ్యాసం 50 మి.మీ. తీసుకుంటున్నాను. బ్రిటన్ నిబంధనలు వాషింగ్ మెషిన్‌కు 40 మి.మీ. పైపును అనుమతిస్తాయి, అమెరికాలో 2 అంగుళాలు అడుగుతారు. పీచు, నురగ రెండూ కలిసి వచ్చే నీటికి పెద్దదే మేలని నా అభిప్రాయం. నిలువు పైపు అడుగున వంపు తిరిగిన ట్రాప్ ఒకటి ఉంటుంది. అందులో ఎప్పుడూ నిలిచి ఉండే నీరు వాసనకు అడ్డుగోడగా పనిచేస్తుంది. అక్కడి నుంచి గోడ వెంట 1.8 మీటర్లు అడ్డంగా వెళ్లి, జాలీ నుంచి వచ్చే పాత పైపులో కలుస్తుంది. మీటరుకు 25 మి.మీ. వాటం చొప్పున మొత్తం 45 మి.మీ. దిగుడు కావాలి. గోడ మీద మొదటి చివర, రెండో చివర గుర్తులు పెట్టి, రసమట్టంతో రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఆరో రోజు

పైపు ఏ పదార్థానిదై ఉండాలన్న దానిపై ప్లంబరుతో చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది. ఆయన మామూలుగా వాడే గట్టి పీవీసీ పైపు తెచ్చారు. బట్టలను 60 డిగ్రీల్లో ఉతికే అలవాటు మా ఇంట్లో ఉంది, డ్రమ్మును శుభ్రపరిచే కార్యక్రమం 90 డిగ్రీల దాకా వెళ్తుంది. గట్టి పీవీసీ ఎడతెగకుండా 60 డిగ్రీలకు మించిన వేడిని భరించేది కాదు. అప్పుడప్పుడు వచ్చే వేడినీటికి అది వెంటనే పాడవకపోయినా, క్లాంపులు దూరదూరంగా ఉంటే మధ్యలో మెత్తబడి కిందికి వంగుతుంది. వంగిన చోట వాటం పోతుంది, వాటం పోయిన చోట పీచు కూర్చుంటుంది. అందుకే వేడిని మరింత బాగా తట్టుకునే పాలీప్రొపిలీన్ పైపునే ఎంచుకున్నాను. ఆయన కూడా ఒప్పుకున్నారు.

పీవీసీ పైపులను అతికించే జిగురు, అంటే సాల్వెంట్ సిమెంట్, ఈ పైపుకు అంటదు. రబ్బరు రింగు ఉన్న మూతిలోకి పైపును తోసి అతికించవలసిందే. హాక్సాతో కోసిన అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, సబ్బు నీరు రాసి లోపలికి తోశాము. నూనె గానీ గ్రీజు గానీ రాస్తే రబ్బరు ఉబ్బి పాడయ్యే ప్రమాదముంది. పైపును చివరిదాకా తోసి, మూతి దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, మళ్లీ 10 మి.మీ. వెనక్కి లాగాము. వేడినీరు పోయినప్పుడు 1.8 మీటర్ల ఈ పైపు దాదాపు ఒక సెంటీమీటరు దాకా పొడుగవుతుంది. ఆ పొడుగుకు చోటు లేకపోతే పైపు విల్లులా వంగుతుంది.

మలుపు దగ్గర ఒక్క 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీలవి వేశాము. ట్రాప్ తరువాత మొదటి మలుపులో మూత విప్పదగిన డోర్ బెండు పెట్టమని ప్రత్యేకంగా అడిగాను, ఎందుకంటే ఏదో ఒకనాడు ఈ పైపులో పీచు పేరుకుంటుందన్నది ఖాయం. ఆనాడు గోడ పగలగొట్టకుండా చేయి దూర్చే వీలు ఇప్పుడే కల్పించాలి. క్లాంపులు అర మీటరుకు ఒకటి చొప్పున బిగించాము.

ఏడో రోజు

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పినది ఈ రోజే.

పాత మెషిన్‌ను ఇంకా పంపేయలేదు కాబట్టి దాని గొట్టాన్నే కొత్త నిలువు పైపులో పెట్టి నీరు వదిలాము. చుక్క కూడా బయటికి రాలేదు. కొత్త మెషిన్ పంపు దీనికన్నా బలమైనది కావచ్చు కదా అని, గరాటు పెట్టి 20 లీటర్ల బకెట్‌ను వీలైనంత త్వరగా గుమ్మరించాను. 40 సెకన్లలో నీరంతా దిగిపోయింది. నిమిషానికి 30 లీటర్లు, అవసరానికి దాదాపు రెట్టింపు. ప్లంబరు పనిముట్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడే జాలీలోంచి గుడగుడమని చప్పుడు వచ్చింది. నీరు దిగిపోయే చివరి క్షణాల్లో వచ్చి ఆగిపోయింది. మళ్లీ పోశాను, మళ్లీ వచ్చింది. జాలీ ఎత్తి గిన్నె దగ్గరి నీటిని కొలిచాను. పొద్దున గిన్నె అంచు 40 మి.మీ. లోతున మునిగి ఉండగా, రెండు బకెట్ల తరువాత ఆ లోతు 15 మి.మీ.కు పడిపోయింది. ఇంకో రెండుసార్లు ఇలాగే జరిగితే అంచు నీటిపైకి తేలి, మురుగు గాలికి దారి తెరుచుకుంటుంది. నీరు గచ్చు మీదికి రాలేదు కాబట్టి పని బాగా జరిగిందని మేమిద్దరమూ అనుకుంటున్న సమయంలో, వాసనను ఆపే గిన్నె దగ్గరి నీరు మాకు కనబడకుండా హరించుకుపోతోంది.

కారణం వెతికితే పాత పైపు ఆకారంలో దొరికింది. కొత్త పైపు కలిసిన చోటు దాటాక ఆ పాత పైపు నిట్టనిలువుగా అర మీటరు దిగి ప్రధాన గొట్టాన్ని చేరుతుంది. అడ్డంగా వెళ్లే పైపులో నీరు అడుగున పారుతుంటే పైభాగంలో గాలి తిరగడానికి చోటుంటుంది. నిలువు దిగుడులో నీరు పైపు నిండా ఒక్కసారిగా పడినప్పుడు మాత్రం అది పిచికారీలోని ముషలకం మాదిరిగా వెనక ఉన్న గాలిని లాగుతుంది. ఆ గాలి ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి రావాలి. నిలువు పైపు మూతి తెరిచే ఉన్నా దాని కింద ట్రాప్ నీరు అడ్డంగా ఉంది. ఇటు జాలీ గిన్నెలో నీరు అడ్డంగా ఉంది. రెండింటిలో ఏది తేలికగా లొంగితే దాన్ని లాగేసి గాలి లోపలికి వస్తుంది. మేము నీటికి దారి వేశాము కానీ గాలికి వేయలేదు.

తొమ్మిదో రోజు

కొత్త అడ్డపు పైపు మీద, ట్రాప్ దాటిన తరువాత ఒక టీ (మూడు మూతుల అతుకు) వేసి, అక్కడి నుంచి 40 మి.మీ. గాలి గొట్టాన్ని పైకి లేపాము. టీ మూతి పైపు పైభాగం నుంచే లేచేటట్టు చూశాము. పక్కనుంచి తీస్తే పారే నీటిలోని పీచు అందులోకి చేరి మూసుకుపోతుంది. గొట్టాన్ని నిలువు పైపు మూతి కన్నా 30 సెం.మీ. పైదాకా నిలువుగా తీసుకెళ్లిన తరువాతే గోడ దాటించాము. ఒకవేళ కింద పైపు ఎక్కడైనా మూసుకుపోయినా మురుగు నీరు ముందు నిలువు పైపు మూతిలో కనబడుతుంది తప్ప, గాలి గొట్టంలోకి ఎక్కి దాగిపోదు. గోడ అవతల దాన్ని కిటికీ పైఅంచు కన్నా మీటరు ఎత్తుకు లేపి, చివర పురుగులు దూరకుండా సన్నని జాలీ కట్టాము.

బకెట్ పరీక్ష మళ్లీ చేశాము. నాలుగు బకెట్లు ఒకదాని వెంట ఒకటి పోసినా చప్పుడు లేదు. గిన్నె దగ్గర లోతు 40 మి.మీ. నుంచి 37కు మాత్రమే తగ్గింది. గాలి గొట్టం చివర సన్నని కాగితం ముక్క పట్టుకుంటే, నీరు దిగే సమయంలో అది జాలీకి అతుక్కుని నిలబడింది. పైపు ఊపిరి తీసుకుంటోందనడానికి అంతకంటే మంచి రుజువు నాకు అవసరం లేదు.

పదిహేనో రోజు

మెషిన్ వచ్చింది. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన బోల్టులను విప్పించి, కాళ్లను తిప్పి రసమట్టంతో సమం చేయించి, తాళం నట్లు బిగించారు. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

పారుదల గొట్టం దగ్గర మాత్రం చిన్న చర్చ జరిగింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి గొట్టాన్ని నిలువు పైపులోకి వీలైనంత లోతుకు తోసి, చుట్టూ ఉన్న సందును టేపుతో మూయబోయాడు.

"వాసన రాకుండా మూతి బిగించేద్దామండీ, అందరికీ ఇలాగే చేస్తాం," అన్నాడు.

"వాసనను ఆపాల్సింది కింద ట్రాప్‌లో ఉన్న నీళ్లు బాబూ. ఈ సందు గాలి కోసం వదిలింది, దయచేసి మూయొద్దు," అని చెప్పి, ట్రాప్‌నూ గాలి గొట్టాన్నీ చూపించాను.

అతను శ్రద్ధగా విన్నాడు. మూతి బిగిస్తే రెండు నష్టాలు ఉంటాయి. పంపు ఆగిన తరువాత కూడా గొట్టంలోని నీటి ధార తెగకుండా, తరువాతి దశకు మెషిన్ నింపుకుంటున్న నీటిని కూడా లాగేసుకుంటుంది. సందులోంచి గాలి వస్తే ఆ ధార వెంటనే తెగుతుంది. రెండోది, పైపు ఎప్పుడైనా మూసుకుపోతే మురుగు నీరు పొంగి సందులోంచి బయటికి రావాలి. ఆ సందే లేకపోతే అది గొట్టం వెంట వెనక్కి వెళ్లి ఉతికిన బట్టలను చేరవచ్చు. గచ్చు తడిస్తే తుడుచుకోవచ్చు, మురుగు డ్రమ్ములోకి వెళ్లడం అంతకన్నా చాలా హానికరం.

చివరకు గొట్టాన్ని 13 సెం.మీ. మేర లోపలికి దింపి, పైపు మూతి దగ్గర వంపు పట్టీతో కట్టాము. లోతుగా తోస్తే దాని చివర ట్రాప్ నీటికి దగ్గరై ధార తెగడం కష్టమవుతుంది. తక్కువగా దింపి కట్టకుండా వదిలితే, పంపు మొదలైనప్పటి కుదుపుకు గొట్టం పామును లేపినట్టు లేచి బయటికి వస్తుంది. మెషిన్‌ను గోడకు జరిపేటప్పుడు వెనక గొట్టం నలిగిపోకుండా ఒక మనిషి వెనక్కి వంగి చూస్తూ ఉండాలి. ఆ పని మా అక్క చేసింది.

పదహారో రోజు

మొదట బట్టలు లేకుండా ఒక పూర్తి కార్యక్రమం నడిపాము. టార్చిలైటుతో నిలువు పైపులోకి చూస్తూ నిలబడ్డాను. నీరు ఎక్కడా పైకి లేవలేదు. తరువాత డిటర్జెంట్ వేసి, ఎప్పటి కొలత ప్రకారం బట్టలు వేసి నడిపితే, మొదటిసారి నీరు వదిలేటప్పుడు నురగ పైపు మూతికి నాలుగు వేళ్ల కిందిదాకా పొంగింది. నీరు పైపులోంచి సెకన్లలో వెళ్లిపోతుంది గానీ నురగ అంత త్వరగా వెళ్లదు. అది ట్రాప్ పైన పేరుకుని తరువాతి నీటికి అడ్డుపడుతుంది. చేతి ఉతుకుకు వాడే పొడినే ఇన్నాళ్లూ మెషిన్‌లో వాడుతున్నామని అప్పుడు గమనించాను. తక్కువ నురగనిచ్చే మెషిన్ డిటర్జెంట్‌ను, డబ్బా మీద సూచించిన కొలత మించకుండా వేసి మర్నాడు చూస్తే, నురగ టార్చి వెలుగులో అడుగున మాత్రమే కనబడింది. జాలీ దగ్గర మూడేళ్లు మేము చూసిన పొంగులో కొంత భాగం ఈ పొడిదేనన్నది ఇప్పుడు నాకు నిస్సందేహం.

నలభై ఐదో రోజు

నెల రోజుల వాడకం తరువాత తనిఖీ చేశాను. మెషిన్ కింది మూలన ఉన్న చిన్న మూత తెరిచి, ముందు పల్చని పళ్లెం పెట్టి, మిగులు నీరు దానిలోకి వదిలి, పంపు వడపోత విప్పాను. రెండు గుండీలు, ఒక నాణెం, కొంత పీచు వచ్చాయి. అవి పంపు రెక్కల దాకా వెళ్లి ఉంటే నీరు వదలడమే ఆగిపోయేది. ఇక నెలకొకసారి దీన్ని విప్పాలి.

గొట్టం చివర పీచు పట్టే వల సంచి కట్టుకోమని కొందరు సలహా ఇచ్చారు. నేను కట్టలేదు. పీచు నిండిన కొద్దీ అది పంపుకు ఎదురు ఒత్తిడి పెంచుతుంది, ఇరుకైన నిలువు పైపులో అది నిండిన సంగతి పైకి కనబడదు. దానికన్నా డోర్ బెండును మూడు నెలలకొకసారి విప్పి చూడడం నయమనిపించింది. ఈ రోజు విప్పితే మూత లోపలి వైపు సన్నని పొర మాత్రమే ఉంది, వేలితో తుడిస్తే పోయింది. అతుకుల కింద పొడి కాగితం చుట్టి ఒక రాత్రి ఉంచాను. నాలుగు అతుకుల్లో మూడింటి కాగితం పొడిగానే ఉంది. గాలి గొట్టం టీ దగ్గరిది మాత్రం ఒక మూల చెమ్మగిల్లింది. రబ్బరు రింగు మెలిక పడి ఉండవచ్చు, ఆదివారం ఆ అతుకు విప్పి రింగు సరిచేయాలి.

ఊహించని విషయం ఒకటి జాలీ దగ్గర ఎదురైంది. వారం నుంచి గదిలో పలచగా మురుగు వాసన వస్తుంటే కొత్త పైపునే అనుమానించి, అన్ని అతుకులూ చూశాను. తీరా జాలీ ఎత్తితే గిన్నె చుట్టూ నీరు అంచు కిందికి దిగి ఉంది. ఇదివరకు మెషిన్ నీరు రోజూ దాని గుండానే పోయేది కాబట్టి అది ఎన్నడూ ఎండలేదు. ఇప్పుడు ఆ నీరంతా కొత్త దారిలో పోతుండడంతో, గచ్చు కడగని రోజుల్లో గిన్నె నీరు ఆవిరైపోతోంది. చెంబెడు నీళ్లు పోయగానే వాసన ఆగింది. ఇక ప్రతి శనివారం పొద్దున అక్కడ చెంబెడు నీళ్లు పోయడాన్ని వంతుల పట్టికలో చేర్చి, పట్టికను మెషిన్ పక్క గోడకు అతికించాను.